ఆరున్నొక్కటి

స్విచ్చి వేసి ఆరు నిమిషాలైంది, ఇంకా యాభై నాలుగు, అంతదాకా ఈ స్టూలు దిగడానికి లేదు, చెవులకు తగిలించుకున్న ఈ కొబ్బరిచిప్పల్లాంటి మూతలు తీయడానికీ లేదు. ఎదురుగా స్టీలు డ్రమ్ము, పేరుకే డ్రమ్ము, చిన్న పాలక్యానంత ఉంటుంది. దాని అడుగున ఒక పళ్ళెం, మనిషి చెవికి అందనంత వేగంగా వణుకుతుంది, ఆ వణుకు నీళ్ళలోకెక్కి కంటికి ఆనని బుడగలు లక్షల్లో పుడతాయి, పుట్టినవి పుట్టినట్టే పేలిపోతాయి, పేలేటప్పుడు ఒక్కో బుడగా కొలిమికన్నా వేడెక్కుతుందట, ఆ వేడికి నీళ్ళలోని సబ్బు తునాతునకలవుతుందట. అట ఏమిటి, ఇరవై ఆరేళ్ళ సర్వీసు పెట్టుకుని, నేనే రాశాను కదా నివేదికల్లో. రాస్తే రాశాను గానీ చూశానా. అమ్మకు చెబితే నడుం మీద చెయ్యేసుకుని విన్నది అంతా, విని, "మోత పెడితే మురికి పోతుందా? అయితే మీ నాన్న అరిచిన అరుపులకి ఈ ఇల్లు ఎప్పుడో అద్దంలా మెరవాల్సింది" అంది. మోతమాస్టారికి ఆ మాట చేరవేస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈ యంత్రం ఆయన కట్టిందే, కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి, ఈ మోతల మధ్య తిరిగి తిరిగి సగం చెవుడొచ్చింది, మామూలు మాట కూడా కేకేసినట్టే ఉంటుంది, అందుకే ఆ పేరు. నన్ను ఆయన నీలం మేడమ్ అంటాడు. నా వేళ్ళు చూసినవాడెవడైనా అదే అంటాడు.

ఏడో నిమిషం. సున్నా నిమిషం నమూనా పరీక్ష చేసేయాలి ఈలోగా, అంటే యంత్రం తిరగకముందు తీసిపెట్టిన నీళ్ళు. గరాటు సీసాలో పోశాను, నీలంరంగు మందు వేశాను, క్లోరోఫాం పోశాను, మూత బిగించి కుదిపాను. నీళ్ళలో సబ్బుంటే ఆ నీలాన్ని చెయ్యిపట్టి లాక్కుని అడుగునున్న క్లోరోఫాంలోకి దిగుతుంది, లేకపోతే అడుగు తెల్లగా నిలుస్తుంది. అంతే పరీక్ష. ఆసుపత్రి లాండ్రీ కాలవ నీళ్ళయితే అడుగు సిరాబుడ్డిలా అవుతుంది, ఇన్నాళ్ళుగా చూస్తున్నదే. ఇప్పుడేమో లేత నీలం, ఏదో మొహమాటానికి వచ్చినట్టు. ఇదేం వింత అనుకున్నాను. మళ్ళీ కుదిపాను. అదే రంగు. మూడు వారాలుగా ఇక్కడ అన్నీ తలకిందులే, తెల్లగా రావాల్సిన బ్లాంకు కూడా నీలంగా వస్తోంది. బ్లాంకంటే సబ్బు వాసన కూడా తగలని శుద్ధమైన నీళ్ళు, పక్కన పెట్టుకుని పోల్చుకోవడానికి. అందులోనే నీలం కనపడితే ఇక దేన్ని దేనితో పోల్చాలి? నీళ్ళు మార్చాం, మందు మార్చాం, గాజు సామానంతా యాసిడ్‌తో కడిగాం, పాపం మోతమాస్టారు సీసాల కంపెనీని కూడా తిట్టిపోశాడు.

ఖాళీ సీసా బల్ల మీదే ఉంది. కళ్ళద్దాలు నెత్తి మీదున్నాయి, దించుకుని చూశాను. మా దగ్గర సీసాల మీద పూర్తిపేర్లు రాయరు. శు.మ. అంటే శుద్ధిచేసిన మురుగు, అ.మ. అంటే అసలు మురుగు, ఏ మందూ ఏ మోతా తగలనిది. దీని మీద అమ అనే ఉంది. కానీ చుక్కల్లేవు. చుక్కలు లేకుండా నేను రాయను. తెల్ల టేపు, బాల్‌పెన్ను, ఫ్రిజ్ తేమకు అడుగున అలుక్కుపోయిన చోటు, మ కింద చిన్న మరక, ఆ మరక ఒకప్పుడు ఒత్తు.

అమ్మ.

అయ్యో. అయ్యయ్యో. నేనేనా? ఈ చేతులతోనేనా? అద్దాలు నెత్తిన పెట్టుకుని ఫ్రిజ్‌లో చెయ్యిపెట్టి, ఎదురుగా ఉన్న సీసా తీసి, అరలీటరూ వంచేశాను, పైగా పనిమంతురాలిని కదా, గోడలకు సబ్బు అంటుకుని ఉంటుందని ఆ సీసాను కాసిని మంచినీళ్ళతో తొలిచి అవి కూడా పోశాను. చుక్క మిగల్చలేదు. ఎనిమిది నిమిషాల నుంచి అక్కడ డ్రమ్ములో ముక్కలవుతున్నది అమ్మ నీళ్ళు. అమ్మ చేతులు చివరిసారి మునిగిన నీళ్ళు. నాకు మిగిలింది అదే కదా. చీరలు పక్కింటావిడ పట్టుకెళ్ళి ఎవరెవరికో పంచింది, పంచమన్నది నేనే. కళ్ళజోడు కళ్ళజోడే, ఎవరిదైనా ఒకటే. ఈ నీళ్ళు మాత్రం ఎవరికీ పనికిరానివి, అందుకే నావి. స్విచ్చి చేతికందే దూరంలో ఉంది. చెయ్యి వెళ్ళింది. వెళ్ళి దాని మీద ఆగింది.

ఆపితే ఏమొస్తుంది, ఎనిమిది నిమిషాల్లో విరిగింది ఎటూ విరిగింది. ఆపకపోతే ఏముంటుంది. ఆపాలి. పదో నిమిషం నమూనా తీసుకుని ఆపుదాం, అన్నది నాలోని ఉద్యోగి, ఛీ, ఇలాంటప్పుడు కూడా నమూనానా. కానీ తీశాను. చేతులు వాటంతటవే తీశాయి, పిప్పెట్టు, చిన్న సీసా, టేపు మీద పది. ఆ చేతులు అమ్మ పోలికే, పని కనపడితే ఊరుకోవు.

అమ్మ ఇరవై తొమ్మిదేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో చేసింది. దుప్పట్లు, గలీబులు, డాక్టర్ల కోట్లు, రక్తాలు, వాంతులు, ఏనాడూ ముక్కు మూసుకోగా చూడలేదు. సబ్బు తిని తిని అరచేతుల గీతలన్నీ చెరిగిపోయాయి. చెయ్యి చూస్తానని ఒకాయన కూర్చుంటే, "ఏం చూస్తావయ్యా, అంతా ఉతికేశాను" అంది. అక్కడ యంత్రాలొచ్చాక కూడా ఆఖరి జాడింపు చేత్తోనే జాడించేది, యంత్రానికి సిగ్గుండదు, చాలు అనుకున్న చోట ఆపేస్తుంది అనేది. బట్టకు ఒక్కసారి సబ్బు పెడితే ఆరుసార్లు కాదు, ఎనిమిదిసార్లు కాదు, సరిగ్గా... ఆ అంకె మాత్రం పలికేది కాదు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి. చిన్నప్పుడు అడిగాను, ఒకటి అనకుండా లాభం అంటావేంటి, పారబోసే నీళ్ళకు లాభమేంటమ్మా అని. "పోయేది మురికేగా, లాభం కాక నష్టమా?" మరి చివరిదో? చివరిది ఎందుకనవు? "అంటే నన్ను ఏడవమన్నట్టు కాదూ. నీళ్ళ దగ్గర ఆ మాట అనకూడదే. నీళ్ళు వింటాయి." నేను అప్పుడే నాలుగు సైన్సు పాఠాలు చదివి ఉన్నాను, ఫక్కున నవ్వాను. ఇప్పుడు నీళ్ళకు మోత వినిపించి సబ్బును చంపే ఉద్యోగం చేస్తున్నాను. ఎవరు నవ్వాలి ఎవర్ని చూసి?

ఆ రోజు సెలవు. పొద్దున్నే నా తెల్లకోటు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. డెబ్భై ఒకటి దాటాయి, నడుం నొప్పి, ఇంట్లో మెషినుంది, అయినా నా కోటు మాత్రం మెషిన్లో వేయనిచ్చేది కాదు. నేను మంచి మూడ్‌లో లేను, ఎప్పుడున్నాను కనక, నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది. కిటికీలోంచి అరిచాను, "నేనక్కడ చుక్క చుక్కా లెక్కపెట్టి నీళ్ళు బాగుచేస్తుంటే నువ్విక్కడ బకెట్లకి బకెట్లు పారబోస్తున్నావ్. ఒక్క కోటుకి ఏడు బకెట్లా? మూడు చాలదా?" ఆవిడ తలెత్తి, "ఆ మాట అనకన్నానా" అంది, కోపంగా కాదు. "అయినా నువ్వే చెప్పావుగా." నేనేం చెప్పాను అన్నాను. తడి చెయ్యి గాల్లో ఊపింది, పోవే అన్నట్టు. లాభం అంది. నేను కిటికీ రెక్క వేసుకుని కూర్చున్నాను. రెక్క వేసినా వినపడుతూనే ఉంది, అంకెకీ అంకెకీ మధ్య బట్ట పిండిన చప్పుడు, నీళ్ళు పారబోసిన చప్పుడు, కొళాయి చప్పుడు. అయిదు. ఆరు.

ఆ తర్వాతది రాలేదు.

అలిగింది అనుకున్నాను. ఇదీ నా తెలివి. ఆ ఒక్క మాటా నాకు వినపడకుండా మనసులో అనుకుంటోంది, పంతానికి, అనుకున్నాను. పంతమైతే నాకు మాత్రం లేదా, లేవలేదు. ఎదురుగా గోడ గడియారం, నిమిషాలు చూడటం నాకు జబ్బు కదా, తొమ్మిది నిమిషాలు. ఒక్క క్షణంలో గుండె ఆగిందమ్మా, మీరు పక్కనే ఉన్నా చేయగలిగింది లేదు, అన్నాడు డాక్టరు. అందరికీ ఆ మాటే చెబుతారు, అదీ నాకు తెలుసు. ఎర్ర బకెట్టుకు ఆనుకుని కూర్చుని ఉంది, కోటు చెయ్యి ఒకటి నీళ్ళలో, ఒకటి బయట.

పక్కింటావిడ మంచిదే, ఆ గందరగోళంలో కోటు తీసి పిండి తీగ మీద వేసింది. బకెట్టు సంగతి ఎవరికీ పట్టలేదు. మూడో రోజు పెరట్లోకి వెళితే ఆ నీళ్ళు అలాగే ఉన్నాయి, ఆరో జాడింపు నీళ్ళు, పైన ఒక చీమ. పారబోద్దామని వంచి, వంచలేక, ఇంట్లోకెళ్ళి నమూనా సీసా తెచ్చాను. మా వృత్తిలో నీళ్ళను చూస్తే చేసేది అదొక్కటే. ఇంట్లో పెడితే చెడతాయని ఇక్కడి ఫ్రిజ్‌లో దాచాను, నాలుగు డిగ్రీలు, వెలుతురు తగలదు. అదే రోజు గోడ అవతల నుంచి పక్కింటావిడ ఎవరితోనో అంటుంటే విన్నాను, "రాతిగుండె తల్లీ, కన్నతల్లి పోతే ఒక్క చుక్క రాల్చలేదు." నిజమే, రాల్చలేదు. రాలేదు. ఇరవై రెండు రోజులు. పని చేశాను, అన్నం తిన్నాను, నిద్ర కూడా పోయాను. ఏమీ లేనట్టే ఉంది.

ఇరవై. నమూనా తీశాను. ఆపలేదు ఇంకా. చెయ్యి మళ్ళీ స్విచ్చి మీదకు వెళ్ళింది, ఈసారి తలుపు తెరుచుకుంది.

"ఏమ్మా! ఎంతదాకా వచ్చింది?" మోతమాస్టారు, చెవుల మూతలు తగిలించుకుంటూ. వరసగా పేర్చిన సీసాలు చూశాడు. "ఇదేంటి, అసలు మురుగు ఇంత పల్చగా ఉంది? లాండ్రీవాళ్ళకి సబ్బు కరువొచ్చిందా?"

"అది అసలు మురుగు కాదండీ."

"ఆఁ?"

"అసలు మురుగు కాదు!"

"మరేంటి?"

"మా అమ్మండీ!" అని అరిచాను.

అరిచాక తెలిసింది, ఆ మాట ఇరవై రెండు రోజుల్లో పైకి అనడం ఇదే మొదలని. సీసా ఆయన చేతికిచ్చాను. టేపును వెలుతురుకు పెట్టి చూశాడు, బొటనవేలితో ఆ మరకను తడిమాడు. చెప్పాను, అరుస్తూనే చెప్పాను, బకెట్టు, ఆరో జాడింపు, అన్నీ. ఇలాంటివి గొంతు తగ్గించి చెప్పుకుంటారు లోకంలో. నా ఖర్మ, నా దుఃఖం కూడా కేకలేసుకుని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన సంగతి అర్థమైన వెంటనే స్విచ్చి మీద చెయ్యేశాడు.

"ఆపేస్తానమ్మా."

"ఎంత మిగిలుంటుంది?"

"సగం. సగానికి కాస్త పైన."

సగం. సగం అమ్మ నీళ్ళు తీసుకెళ్ళి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను. తర్వాత? ఏడాది? పదేళ్ళా? ఒకసారి లాండ్రీలో కరెంటు పోయిందని సగం జాడించిన దుప్పట్లు అలాగే ఆరేశారట, ఇంటికొచ్చి ఆ రోజు అన్నం ముట్టలేదు ఆవిడ. సగం జాడించిన బట్టకన్నా అసలు ఉతకని బట్ట నయమే, అది మురికినని ఒప్పుకుంటుంది, ఇది మోసం చేస్తుంది, ఒంటికి తగిలాక దురద పుట్టిస్తుంది అంది.

"ఆపకండి," అన్నాను. "సగంలో ఆపితే ఆవిడ ఊరుకోదు."

ఆయన చెయ్యి తీశాడు. ఐదింటికల్లా పైవాళ్ళకు ఫలితం పంపాలి, యంత్రం మూడుసార్లు నడిపి చూడాల్సిన వాటిలో ఇదే ఆఖరుసారి, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "అసలు మురుగు ఫ్రిజ్‌లోనే ఉంటుందిగా, ఎక్కడికీ పోదు. రేపు పెట్టుకుందాం. యంత్రం మొరాయించిందని చెబుతాలే," అని అరిచి, ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ముప్ఫై. డ్రమ్ములో చుర్రుమనే ఆ చప్పుడు, వేడి పెనం మీద నీళ్ళు చిలకరిస్తే వచ్చే చప్పుడు, మూతల్లోంచి కూడా దూరుతోంది. ఆరు తర్వాత రావాల్సింది ఇదే అనుకుంటే పోదా, ఆవిడ చేయలేకపోయిన జాడింపు ఇది చేస్తోందనుకుంటే? యంత్రానికి సిగ్గుండదే అంటుంది. ఉండదు, కానీ ఇది చాలు అనుకున్న చోట ఆగదమ్మా, గంట పెట్టాను. రోజూ నీలం తగ్గుతుంటే సంతోషపడటం నా ఉద్యోగం. నలభై సీసా చూడు, కళ్ళు చికిలిస్తే గానీ కనపడదు నీలం, సంబరపడు మరి. రంగు పోయినంత మాత్రాన నీళ్ళలో ఏమీ లేనట్టు కాదు, అది కూడా నేనే రాశాను నివేదికలో, సబ్బు విరిగిన ముక్కలుంటాయి, ముక్కలకు ఈ మందు రంగు పట్టదు, అంతే. పక్కింటావిడకు ఎవరు చెబుతారు ఆ వాక్యం. యాభై. అమ్మ అరచేయి నా నుదుటి మీద పెడితే గరగరలాడేది, జ్వరం చూసేది అలాగే, ఆ గరుకు చేతికి నా వేడి ఎలా తెలిసేదో. ఒత్తు పోతే అమ్మ అమ అవుతుంది. ఇంత చిన్నది, మ కింద ఇంత, దాన్ని నేను బాల్‌పెన్నుతో రాశాను, నీళ్ళ దగ్గర పనిచేసే మనిషి బాల్‌పెన్నుతో రాస్తుందా ఎక్కడైనా, పెన్సిలుతో రాయాలి, మొదటి రోజు పాఠం అది. ఆ రోజు చేతికి ఏది దొరికితే అది.

అరవై. ఆయన స్విచ్చి కట్టేశాడు. ఇద్దరం చెవుల మూతలు తీశాం. గది ఒక్కసారిగా ఖాళీ అయింది.

చివరి నమూనా, దాని పక్కన బ్లాంకు. రెండిటికీ మందు వేశాను, క్లోరోఫాం పోశాను, కుదిపాను, స్టాండుకు తగిలించాను, తేరుకునేదాకా నిలబడ్డాం. అమ్మ నీళ్ళ అడుగు తెల్లగా తేరింది. ఏమీ లేదు. వెనక తెల్ల కాగితం పెట్టి చూశాను, లేదు. బ్లాంకు అడుగున లేత నీలం.

"మళ్ళీనా!" అన్నాడు మాస్టారు. "శుద్ధమైన నీళ్ళు కదమ్మా! ఎక్కడి నుంచి వస్తోంది ఈ సబ్బు? నీళ్ళు కాదు, మందు కాదు, గాజు కాదు..."

నేను నా చెయ్యి చూస్తున్నాను. గరాటు మూతి మీదుగా వంగిన చెయ్యి, దాని మణికట్టు దగ్గర కోటు అంచు, తడిసి ఈ బ్లాంకు గరాటుకు రాసుకుంటున్న అంచు, అవతలున్న అమ్మ గరాటుకు అందలేదంతే. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన. పక్కింటావిడ పిండి ఆరేసిన కోటు. ఆ తర్వాత నేను ఉతుక్కుంటున్న కోటు, రెండుసార్లు ముంచి తీగ మీద పడేస్తున్నాను, రెండు దాటి జాడించాలంటే మూడు అనాలి, మూడంటే నాలుగు, నేను అంతదాకా పోలేను. ఇరవై ఆరేళ్ళ కింద, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంటికెళ్ళి అమ్మ మీద అరిచింది గుర్తొచ్చింది. నీ సబ్బు నా కోటుకి మిగిలిపోయి నా లెక్కలన్నీ తప్పొచ్చాయి, అందరి ముందూ నా పరువు పోయింది, అని. మర్నాటి నుంచి నా బ్లాంకు తెల్లగా వచ్చింది. ఇరవై ఆరేళ్ళు తెల్లగానే వచ్చింది. నా చేతి నేర్పు అనుకున్నాను, అందరూ మెచ్చుకుంటుంటే తీసుకున్నాను.

నువ్వే చెప్పావుగా.

కోటు విప్పాను. సింకు కింద ప్లాస్టిక్ బకెట్టుంటే లాగి కొళాయి విప్పాను. "ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు మాస్టారు వెనక నుంచి, ఈసారి అరవకుండా. జాడిస్తున్నానండీ అన్నాను. కోటు ముంచాను. లాభం. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పిండాను, పారబోశాను. కొళాయి. రెండు. సింకులో నురుగు, ఇంత నురుగు మోసుకుని తిరుగుతున్నానా ఇన్నాళ్ళూ. మూడు. నాలుగు. నురుగు తగ్గింది. అయిదు. వేళ్ళు ముడతలు పడ్డాయి, అమ్మ వేళ్ళలాగే. ఆరు.

ఆరు అన్నాక ఆగాను. నీళ్ళు తేటగా ఉన్నాయి, బకెట్టు అడుగు కనపడుతోంది. ఇక చాలు అనిపించేలా ఉన్నాయి. ఆ రోజు ఆవిడకు కనపడినవీ ఇలాంటి నీళ్ళే అయ్యుంటాయి. పారబోశాను. కొళాయి విప్పాను, బకెట్టు నిండింది, కోటు ముంచాను. ఆరున్నొక్కటి అందామని నోరు తెరిచాను. ఆ మాట అమ్మది, నా నోట్లోంచి రాలేదు. ఎవరో ఒకరు అనాలి కదా.

"ఏడు," అన్నాను.

అమ్మ చెప్పింది నిజమే. నీళ్ళ దగ్గర ఆ మాట అనకూడదు.